కాగితం మీది చెల్లి

రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవంటారు. అప్పలకొండ ఒంట్లో మాత్రం రెండు వయసులు ముప్పై నాలుగేళ్ళుగా ఇమిడి ఉన్నాయి. ఒంటి వయసు డెబ్బై, కాగితం వయసు అరవై రెండు. ఈ సంగతి తెలిసిన వాళ్ళలో చాలామంది చచ్చిపోయారు. మిగిలిన కూతురు మీనాకుమారి పెళ్ళి చేసుకుని ఖుర్దా వెళ్ళిపోయింది. ఇక ఖరగ్‌పూర్లో ఈ రహస్యం తనకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదని ఆవిడ ధీమా. ఎముకలకు కూడా తెలుసునని ఆవిడకు తట్టలేదు. తట్టడానికి అది తట్టే విషయమూ కాదు.

టెక్కలి దగ్గర పల్లెలో పుట్టిన అప్పలకొండకు పుట్టిన తేదీ అంటూ లేదు. "పెద్ద గాలివానకు ముందేడు" అనేది వాళ్ళమ్మ. తవిటయ్యను కట్టుకుని, రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చింది. తవిటయ్య వర్క్‌షాపులో పెయింటరు. మంచివాడే గాని పచ్చకామెర్లకు మంచీ చెడ్డా తెలియదు గదా, తొంభయ్యో సంవత్సరంలో పదిహేను రోజుల్లో పోయాడు. అప్పటికి అప్పలకొండకు ముప్పై ఆరు, మీనాకు పద్నాలుగు. భర్త పోయిన ఆడదానికి రైల్వేలో ఉద్యోగమిస్తారు, పుట్టిన తేదీ కావాలి అన్నారు. తేదీ లేదంటే అఫిడవిట్ తెమ్మన్నారు. బావగారు వెంకటరావు గుమాస్తాలతో మాట్లాడ్డంలో దిట్ట. తేదీ ఎలాగూ లేదు, రాసేదేదో పనికొచ్చేలా రాద్దామని ఎనిమిదేళ్ళు తగ్గించి రాయించాడు. ఎనిమిదేళ్ళు తగ్గితే ఎనిమిదేళ్ళు ఎక్కువ ఉద్యోగం. అప్పలకొండ వేలిముద్ర వేసింది. ఆ కాగితం లెక్కన ఆవిడ పద్నాలుగో ఏట మీనాను కన్నట్టు. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు, వేసినా ఆ రోజుల్లో ఎవరూ ముక్కున వేలేసుకునేవారు కాదు.

ఆ రోజు ఆవిడకు సిగ్గనిపించలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి, అంతే. సిగ్గు తర్వాత వచ్చింది, తీరిగ్గా, చెప్పులు విప్పుకుని చుట్టంలా వచ్చి కూర్చుంది.

బరువులు మోసే ఖలాసీగా స్టోర్సులో వేశారు. మొదటి రోజు ఇన్‌ఛార్జి విల్‌ఫ్రెడ్ సాహెబు ఆవిడ తల మీద ఇనప బ్రేకు దిమ్మల బుట్ట పెట్టించాడు. నాలుగడుగులు వేసేసరికి మెడ నరాలు తీగల్లా లేచాయి. అప్పుడు పక్కనుంచి ఒక ఎముకపుష్టి గల మనిషి వచ్చి, పేరు కూడా అడక్కుండా, నీకెన్నేళ్ళే అంది. అప్పలకొండ విల్‌ఫ్రెడ్ సాహెబు వైపు చూసి, ఇరవై ఎనిమిదని చెప్పింది. 

"అయితే నాకు సెల్లివే. నాకు ముప్పయి మూడు," అని ఆ మనిషి బుట్టలోంచి రెండు దిమ్మలు తీసి తన బుట్టలో వేసుకుంది. "సిన్నదానివి. నడుం జాగర్త."

ఆవిడ దోర్కా. మిషను ఆస్పత్రిలో పుట్టింది కాబట్టి తేదీ, వారం, గంట, బరువు అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. ఆవిడకున్నది ఒకటే వయసు. నిజానికి అప్పలకొండ కన్నా మూడేళ్ళు చిన్న. అయినా ఆ రోజునుంచి అప్పలకొండ ఆవిడను అప్పా అని పిలవడం మొదలెట్టింది. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. తనకన్నా చిన్నదాన్ని పట్టుకుని అప్పా అప్పా అంటుంటే మొదటి నెల నాలుక మొద్దుబారినట్టుండేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైతే అబద్ధానికి కూడా చుట్టరికం వస్తుంది.

మరి ఆ చుట్టరికాన్ని దోర్కా ఉత్తి పిలుపుగా ఉంచుకోలేదు. ఇరవై ఏడేళ్ళు చెల్లెలి బుట్టలోంచి రెండేసి దిమ్మలు తీసి తన బుట్టలో వేసుకుంది. అప్పలకొండకు నిజంగా యాభై ఐదొచ్చి మోకాళ్ళు కీచుమన్నప్పుడు, నలభై ఏడుకే మూలుగుతోందని మిగతావాళ్ళు నవ్వారు. దోర్కా నవ్వలేదు, మూడో దిమ్మ కూడా తీసుకుంది. దోర్కా రిటైరైన రోజు మెడలో దండతో నిలబడి, వెనక వచ్చిన ఆడపిల్లలతో ఒకటే మాట చెప్పింది, నా చెల్లికి బరువు పెట్టకండని. ఆ రోజు ఆ చెల్లికి అరవై మూడు. అక్కకు అరవై. చప్పట్లు కొడుతూ అప్పలకొండ తలెత్తలేకపోయింది. అందరూ అది ఎడబాటు దుఃఖం అనుకున్నారు.

ఇంకో ఐదేళ్ళు చేసి తనూ దిగిపోయింది. సుభాష్‌పల్లిలో ఒక గది తీసుకుంది. దోర్కా ఇల్లు నాలుగు సందుల అవతల, తెలుగు చర్చిని ఆనుకుని. ఇద్దరూ ఒంటరివాళ్ళే. పొద్దున్నే ఇద్దరూ కలిసి వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు. అక్కడా దోర్కాయే బకెట్లు మోసేది.

ఈ ఏడు తెలుగువాళ్ళ మాతా పూజ పందిట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు విష్ణుప్రియ, ఊరు కరీంనగర్, హిజ్లీలోని ఇంజనీరింగు కాలేజీ క్యాంపస్‌లో రీసెర్చి చేస్తోంది. ఎముకలు గుల్లబారే జబ్బు గురించి పరీక్ష చేస్తున్నామని, యాభై ఐదు నుంచి అరవై ఐదు లోపు ఆడవాళ్ళు కావాలని చెప్పింది. ఆస్పత్రుల్లో ఉండే మామూలు పరీక్ష ఎముకలో సున్నం ఎంతుందో తూచి చెబుతుందట. తూకం బాగున్నవాళ్ళకు కూడా ఒక్కోసారి ఎముకలు విరుగుతాయట. బియ్యం బస్తా తూచితే లోపల పురుగు పట్టిందో లేదో తెలుస్తుందా అమ్మా అని అడిగింది ఆ పిల్ల. తమ మిషను మణికట్టులోకీ కాలి ఎముకలోకీ తొంగి చూసి, లోపలి సన్నటి దారాలను కూడా ఫోటో తీస్తుందట. విరగక ముందే, ఏళ్ళ ముందే చెప్పొచ్చట.

ఈ మాటలకు అప్పలకొండ కన్నా దోర్కాకే ఎక్కువ ఆశ పుట్టింది. రెండేళ్ళుగా ఆవిడకు నడుం నొప్పి. అంతకన్నా వింతేమిటంటే, ముప్పై ఏళ్ళు తన చేత్తో తీసిన చర్చి కిటికీ గడియ ఇప్పుడు అందడం లేదు. కిటికీ ఏమన్నా ఎదిగిందేటే అని నవ్వేది గాని, ఆ నవ్వులో భయం ఉండేది.

సోమవారం ఇద్దరూ టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కి పురీ గేటు దాటి వెళ్ళారు. ల్యాబు గుమ్మంలో ఒక బెంగాలీ ఆవిడ కూర్చుని గుర్తింపు కార్డులు చూస్తోంది. అప్పలకొండ కార్డు చూసి, అరవై రెండు, లోపలికెళ్ళమంది. దోర్కా కార్డు చూసి, అరవై ఏడు, హోబే నా దీదీ, కుదరదక్కా, అని తిరిగిచ్చేసింది.

దోర్కా అప్పలకొండ చెయ్యి పట్టుకుని వరండా మూలకు లాక్కెళ్ళింది. ఆవిడ జన్మలో అబద్ధమాడిన మనిషి కాదు. అందుకే మాట తడబడింది.

"ఒలే, నాకు అరవై నాలుగే, కార్డులో తప్పు పడిందని సెప్పేత్తే ఏటవుద్ది? నువ్వు సాచ్చికం సెప్పు. నాను నిన్ను ఎప్పుడూ ఏటీ అడగనేదు."

అప్పలకొండకు తన కార్డు గుర్తొచ్చింది. ఒక కార్డు మీద అనుమానం వస్తే రెండో కార్డు మీద రాదా? తీగ లాగితే డొంకంతా కదలదా? కార్డు, దాని వెనక పింఛను, దాని వెనక వెంకటరావు బావ అఫిడవిట్, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. ఆ భయంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పప్పా. వొయసు గురించి అబద్దవాడకూడదు. దేవుడిచ్చిన వొయసది."

గురివింద గింజ కూడా అంత నలుపును వెనక పెట్టుకుని అంత ఎర్రగా మాట్లాడి ఉండదు. దోర్కా మొహం పాలిపోయింది. ఆదివారంనాడు పిల్లలకు బైబిలు కథలు చెప్పే మనిషి, ఎంత మాటన్నానమ్మా అని తనే సిగ్గుపడి, బుద్ధి గడ్డి తిందని లెంపలేసుకుంది. వెళ్ళి బల్ల మీద కూర్చుంది. మిషను దగ్గర లోహం ఉండకూడదంటే అప్పలకొండ గాజులు తీసిచ్చింది. దోర్కా వాటిని గుప్పిట్లో పట్టుకుని, చెల్లెలి సంచీ ఒళ్ళో పెట్టుకుని, గంటన్నర అలాగే కూర్చుంది.

లోపల పరీక్ష ఏమంత కష్టం కాదు. కాలును బూటులాంటి తొడుగులో పెట్టి, ఒక గుండ్రటి మిషనులోకి తోసి, మూడు నిమిషాలు కదలొద్దన్నారు. తర్వాత చెయ్యి. విష్ణుప్రియ తెర మీద బొమ్మ తిప్పి చూపించింది. ఎముక లోపలంతా సన్నటి అల్లిక, తెల్లటి తేనెపట్టులా ఉంది. అందులో అక్కడక్కడ దారాలు తెగి పెద్ద పెద్ద కంతలు. చూస్తూ చూస్తూ ఆ పిల్ల మొహం మారింది. అప్పలకొండ అంతకుముందు ఆస్పత్రిలో తీయించుకున్న మామూలు పరీక్ష కాగితం పక్కన పెట్టి రెండుసార్లు చూసింది. అందులో కొంచెం తక్కువ, భయం లేదు అని ఉంది.

"అరవై రెండేళ్ళకు ఇట్ల ఉండొద్దమ్మా," అంది. "ఇవి డెబ్బై ఏళ్ళ ఎముకల లెక్క ఉన్నయి."

దొంగకు తేలు కుట్టినట్టయింది అప్పలకొండకు. నోరు మెదపలేదు.

ఆ నోరు మెదపకపోవడమే నాలుగు నెలలు సాగింది. వయసుకు మించి ఎముక పాడైతే ఒంట్లో ఇంకేదో జబ్బు దాగి ఉండాలన్నది విష్ణుప్రియ తర్కం. తర్కంలో తప్పు లేదు, తప్పు వయసులో ఉంది. థైరాయిడ్ కోసం రక్తం తీశారు, కిడ్నీల కోసం తీశారు, మూలుగలో చెడ్డ జబ్బేదైనా ఉందేమోనని మళ్ళీ తీశారు. ప్రతిసారీ ఏమీ లేదని వచ్చింది. ఏమీ లేదని వచ్చినప్పుడల్లా విష్ణుప్రియ ఇంకా కంగారుపడి, ఇంకో పరీక్ష రాసింది. తన స్కూటీ మీద తనే ఎక్కించుకుని తీసుకెళ్ళేది, సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకునేది, వాళ్ళమ్మ పంపిన సకినాలు డబ్బాలో పోసి ఇచ్చేది. ఆ సకినాలు అప్పలకొండకు గొంతు దిగేవి కావు. తెచ్చి దోర్కాకు ఇచ్చేసేది.

ఇంకో సంగతి. నెలాఖరుకు క్యాంపస్‌లో పెద్ద సభ ఉంది, ఎక్కడెక్కడి డాక్టర్లో వస్తున్నారు. మామూలు పరీక్షకు దొరకని జబ్బును మేము అరవై రెండో ఏటే పట్టుకున్నాం అని అప్పలకొండ కాలి ఎముక బొమ్మనే గోడంత చేసి చూపించబోతున్నారు. నా నాలుగేళ్ళ పని ఈ ఒక్క ఫోటోల కనిపిస్తదమ్మా అని విష్ణుప్రియ సంబరపడింది. చెబుదామని అప్పలకొండ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ పింఛను గుర్తొచ్చి మూసుకుంది. అదీ పూర్తి నిజం కాదు. పింఛను కన్నా ఎక్కువ భయపెట్టింది వరండా మూల తను చెప్పిన నీతి.

సభకు పది రోజులుందనగా, కుళాయి దగ్గర దోర్కా బకెట్ ఎత్తబోయి ఆగిపోయింది. ఎత్తింది కూడా తన బకెట్ కాదు, చెల్లెలిది. నడుంలో ఏదో కటుక్కుమంది అంది. నీళ్ళన్నీ ఒలికిపోయి, ఆ తడిలోనే కూర్చుండిపోయింది. ఎక్స్‌రే తీశారు. వెన్నులో ఒక ఎముక నలిగి కుంగిపోయింది. దాని పైది కూడా నలిగే ఉందని, అది ఇప్పటిది కాదు, ఎప్పటిదో అని డాక్టరు చెప్పాడు. రెండేళ్ళ నడుం నొప్పి అదే. కిటికీ గడియ అందకపోవడమూ అదే.

అప్పలకొండ ఆ ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని హిజ్లీ వెళ్ళింది. విష్ణుప్రియ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసింది. ఈవిడను ఎప్పుడో పట్టుకోవాల్సిందమ్మా అంది. విరగకుండా మందులున్నాయి, అంతకుముందు తెలిస్తే చాలు. ఎవరీవిడ అని అడిగింది. మొదటి రోజు తనతో వచ్చిందని, వయసు దాటిందని గుమ్మంలోంచే పంపేశారని అప్పలకొండ చెప్పింది.

"నాకెవరూ చెప్పలేదు," అంది విష్ణుప్రియ. "రీసెర్చి లెక్కల రాకుంటే ఏమైతది? మీరు లోపలికొచ్చినంక ఒక్క మాట చెప్పుంటే నేనే బయటికొచ్చి తీసుకుపోయేదాన్ని. అట్ల ఎంతమందిని చూడలేదు!"

ఒక్క మాట. వరండా మూల అంత నీతి చెప్పిన నోరు లోపలికొచ్చాక ఒక్క మాట చెప్పలేకపోయింది. చెబితే వయసుల గొడవ వస్తుందని గంటన్నర పెదవులు బిగించి పడుకుంది, అవతల ఆ మనిషి తన గాజులు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటే. ఇంత వయసొచ్చాక, ఎవరూ తిట్టకుండా, ఎవరూ చూడకుండా కూడా మనిషికి అంత సిగ్గు వేస్తుందని అప్పటిదాకా అప్పలకొండకు తెలియదు. భూమి చీలితే బాగుండుననుకుంది. చీలలేదు.

"పాపా," అంది. "నా వొయసు డెబ్బై."

తర్వాత అన్నీ చెప్పింది. గాలివాన, బావ, వేలిముద్ర, అన్నీ. విష్ణుప్రియ తెర వైపు తిరిగి అరవై రెండు చెరిపి డెబ్బై కొట్టింది. తెర మీద అన్ని వయసుల ఆడవాళ్ళవీ మనిషికొక చుక్క చొప్పున చుక్కల గుంపు ఒకటి ఉంది, అందులో ఒక చుక్క అందరికీ దూరంగా కింద పడి ఉండేది. అది మెల్లిగా జరిగి గుంపులో కలిసిపోయింది. ఇక ఏది అప్పలకొండో కనిపించనే లేదు.

"డెబ్బైకి ఇది అందరి ఎముకే," అంది ఆ పిల్ల. "నాలుగు నెలల నుంచి మీ రక్తంల లేని రోగం వెతుకుతున్న. రాత్రిళ్ళు భయమేసి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, మీ గురించే."

పేర్లు ఎక్కడా లేవని, నంబరే ఉంటుందని, ఆ నంబరు కొట్టేస్తానని, పింఛనుకు ఏమీ కాదని చెప్పింది. సభకు వేరే బొమ్మ చూసుకుంటానంది. మందు మాత్రం అప్పలకొండకూ కావాలి, డాక్టరుకు రాసిస్తానంది. దోర్కా లేచి కూర్చోగలిగాక ఇద్దరినీ కలిపి తీసుకురమ్మంది, విరిగినదాన్ని ఏమీ చెయ్యలేకపోయినా మిగతావి కాపాడొచ్చని. అన్నీ సరిగ్గానే చెప్పింది. ప్రతిసారీ టోటో దాకా వచ్చి ఎక్కించే పిల్ల ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.

తిట్టి ఉంటే కాస్త తేలికపడేది. టోటోలో దారంతా అప్పలకొండ కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఇంటికి పోలేదు. నేరుగా చర్చి పక్క సందులోకి పోయింది. ఇంకొక్క రోజు ఆగితే ఇంకో ముప్పై నాలుగేళ్ళు ఆగుతానని ఆవిడకు తెలుసు.

దోర్కా గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని, వెనక దిండు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. ఒలే వచ్చినావా అంటూ నవ్వింది. అప్పలకొండ గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. లోపలికి వచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు. తనకు డెబ్బై అనీ, మొదటి రోజు ఇరవై ఎనిమిది కాదు ముప్పై ఆరనీ, నువ్వు నాకన్నా మూడేళ్ళు చిన్నదానివనీ, అన్నీ తెలిసే బుట్టలోంచి దిమ్మలు తియ్యనిచ్చాననీ, ఆ రోజు వరండాలో ఆ మాట నీ కోసం కాదు నా కోసం అన్నాననీ చెప్పింది.

దోర్కా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మొదటిసారి తప్పింది, మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఆ మొహంలో కోపమేదైనా కనిపిస్తుందేమోనని అప్పలకొండ ఆశగా వెతికింది.

"అయితే ఇన్నాళ్ళూ నాను నిన్ను ఒలే, గిలే అన్నాను," అంది దోర్కా చివరికి.

అని, కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది. పళ్ళు బిగించి, ఒక్కో అంగుళమే పైకి లేచింది. బెల్టు కిర్రుమంది. గోడకు చెయ్యి ఆనించి, పక్కకు జరిగి, ఖాళీ కుర్చీ చూపించింది.

"కూకో అప్పా."

ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి సరైన మనిషి సరైన మనిషిని అప్పా అంది. నువ్వు కూర్చో, నీకు నడుం బాగాలేదు అని అప్పలకొండ బతిమాలింది. పెద్దది నిలబడి ఉండగా చిన్నది కుర్చీలో కూర్చోవడం వాళ్ళ ఇళ్ళలో లేదు, దోర్కా ఒప్పుకోలేదు. కింద కూర్చుంటానంది అప్పలకొండ. పెద్దదానివి కింద కూర్చుంటే నేను పైన ఎలా కూర్చుంటానంది దోర్కా. ఆ మొండితనం అప్పలకొండకు బాగా తెలుసు, ఇరవై ఏడేళ్ళు దాని మీదే బతికింది. దోర్కా నుదుటి మీద చెమట పోస్తోంది. ఇక చేసేదేముంది, రెండో కుర్చీ కావాలి.

అప్పలకొండ గబగబా చర్చిలోకి పోయింది. అక్కడున్నవన్నీ పాతకాలపు టేకు కుర్చీలు. ఒకదాన్ని ఎత్తింది. తెర మీద చూసిన తెగిన దారాలు గుర్తొచ్చాయి, అయినా దించలేదు. దోర్కా కోసం ఆవిడ ఒక బరువు మోయడం ఇదే మొదలు. వాకిలి దాటి, సందు దాటి, రెండు చోట్ల ఆగి, రొప్పుతూ గుమ్మం దగ్గరికి వచ్చింది. దోర్కా ఇంకా కూర్చోలేదు. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి బెల్టుకు పెట్టుకుని ఎదురుచూస్తూ నిలబడే ఉంది. అప్పలకొండ చేతుల్లో కుర్చీ చూసి, అందుకోవడానికి ఒక అడుగు ముందుకు వెయ్యబోయి, నొప్పికి ఆగిపోయింది.

"మెల్లిగా అప్పా," అంది. "పెద్దదానివి. నడుం జాగర్త."